సవరణ: పాత్ర ఎవరిని ఇష్టపడాలో నిర్ణయించేది ఆటగాడే

ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక పాత్రను ధరించి కథను నడిపే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ గురించి గత వారం రాసిన వ్యాసంలో, పాత్ర ఎవరి పట్ల ఆకర్షితమవుతుందన్న విషయాన్ని నిబంధనల పుస్తకం ప్రస్తావించలేదనీ, అందువల్ల ఆ నిర్ణయం ఆటను నడిపించే డంజియన్ మాస్టర్‌దేననీ రాశాను. రెండూ తప్పే. 2014లో వచ్చిన ఐదవ ఎడిషన్ నిబంధనల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోని నాలుగో అధ్యాయం, పాత్ర లైంగికతను ఆటగాడే నిర్ణయించుకోవాలని స్పష్టంగా చెబుతోంది. లింగాన్ని స్త్రీ, పురుషుడు అన్న రెండు గడులకే కుదించనక్కరలేదని కూడా చెబుతూ, ఆ ఆటలోని ఎల్ఫ్‌లు అనే కాల్పనిక జాతి దేవుడు కొరెల్లాన్‌ను ఉదాహరణగా చూపుతోంది.

నా పొరపాటుకు మూలం 2012 నాటి మాన్‌స్టర్‌హార్ట్స్ అనే మరో పాత్రధారణ ఆట. అందులో ఒక పాత్ర మరొకరిని ఆకర్షించబోతే ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. తన పాత్ర మనసు ఎవరికి చలించాలో ఆటగాడు ముందే గిరి గీసుకోలేడు. కౌమారంలో మనసు మన మాట వినకపోవడమే ఆ ఆట ఇతివృత్తం కనుక అక్కడ అది న్యాయమే. దాన్ని తెచ్చి వేరొక ఆటకు అంటగట్టడం నా తప్పు.

నా వ్యాసం చదివి, "మీ యోధురాలు సత్రం యజమాని మీద మనసు పడింది" అని ఎవరైనా ఆటగాడి తరఫున ప్రకటించి ఉంటే, ఆ మాటను వెనక్కి తీసుకోవాలని కోరుతున్నాను. సత్రం యజమాని ఆమెను చూసి నవ్వాడని చెప్పడం వరకే డంజియన్ మాస్టర్ పని.