ఒక్కరోజు, నాలుగు వైన్స్

నిన్న సాయంత్రం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక జిరాక్స్ షాపులో నా పరువు పేజీకి పది రూపాయల చొప్పున, అదీ కలర్‌లో, ప్రింటై బయటికొచ్చింది.

ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉన్న మా బావమరిది రమ్మన్నాడు. మార్గరెట్ రివర్ అనే ఊరు చూపిస్తాడట. అటు సముద్రం, ఇటు ద్రాక్షతోటలు, మధ్యలో తిండి. "లీవ్ ఒకరోజు దొరుకుతదో, మూడు రోజులో, వారమో తెల్వదు బావా. మూడింటికీ ప్లాన్ నువ్వే వెయ్" అన్నాడు. పిలుపు వాడిది, చాకిరి నాది. వేశాను. అత్తమ్మ కూడా వస్తోంది కనుక తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో. గడుల్లో చోటు చాలక "వైనరీ" అన్న ప్రతిచోటా "వైన్స్" అని కుదించాను. "తోట" అని రాస్తే ఇంకా చిన్నగా ఉండేదని ఇప్పుడు తడుతోంది.

ఆ షాపు ప్రింటర్‌కు జీవితంలో తొందర లేదు. వేలెడు కాగితం బయటికి నెడుతుంది, ఆగుతుంది, మూలుగుతుంది, ఇంకో వేలెడు నెడుతుంది. చుట్టూ ఆధార్ కార్డులతో, పహాణీ కాగితాలతో ఏడెనిమిది మంది. అది కదిలితే గానీ వాళ్ల వంతు రాదు కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. మొదట "ఒక్కరోజు ప్లాన్" అని వచ్చింది. ఆగింది. "11 గంటలకు: వైన్స్". మూలిగింది. "12 గంటలకు: వైన్స్". నాకు చెమటలు. "1 గంటకు: భోజనం, వైన్స్‌లోనే".

"అన్నా, పర్మిట్ రూమ్ ఉన్నదా అండ్ల?" అన్నాడు షాపు పిల్లగాడు.

"ఏదీ, ఇటియ్" అని వెనక నుంచి ఒక గొంతు. మా పదో తరగతి లెక్కల సార్. ఆయన రిటైరై ఏళ్లయింది, గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"సార్, అవి మన వైన్స్ కావు. తోటలు. 1967లో ఒక గుండె డాక్టర్ మొదలుపెట్టిండు."

"డాక్టరే పెట్టిండా?" అంటూ పహాణీల పెద్దాయన ఆశగా ముందుకు జరిగాడు.

సార్ జేబులోంచి పెన్ను తీశారు. "పెర్త్ నుంచి ఎంత దూరంరా?"

"270 కిలోమీటర్లు సార్."

"పోను రాను?"

ఇద్దరు పిల్లల తండ్రిని, వేళ్ల మీద లెక్కపెట్టాను. "540 సార్."

"గంటకు 90 చొప్పున పోతే?"

"ఆరు గంటలు."

"మరి నాలుగు వైన్స్‌లు ఎప్పుడు తిరుగుతవ్? తాగినంక బండెవడు నడుపుతడు?"

నేను తాగను సార్ అందామనుకున్నా. దసరా నాటి కల్లు గుర్తొచ్చి ఊరుకున్నా.

ఒక్కరోజు ప్లాన్ అడ్డంగా కొట్టేశారు. బస్సెల్టన్‌లో సముద్రంలోకి వేసిన 1,841 మీటర్ల చెక్క జెట్టీ, ఒక గుహ, కేప్ లూవిన్ లైట్‌హౌస్ ఉన్నందుకు మూడు రోజుల ప్లాన్‌కు పాస్ మార్కులు వేశారు. వారం ప్లాన్ చూసి "కాపీ కొట్టినవు" అన్నారు. కొట్టాను.

మధ్యలో ఇరుక్కుని చిరిగిన రెండు పేజీలకు కూడా పిల్లగాడు డబ్బులు పట్టాడు. ఇరుక్కున్నది వాళ్ల మెషీన్‌లో, కట్టేది నేను.

సార్ మాత్రం పోతూ పోతూ ఒక్కరోజు ప్లాన్‌ను జిరాక్స్ తీయించుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. మేడమ్‌కు చూపిస్తారట. మేడమ్, మా అమ్మ ఒకే భజన మండలి. ఇవాళ ఐదింటికి భజన. అమ్మ ఇప్పుడే చెప్పులేసుకుంటోంది.