శాతాల చాటున దాపరికం

ఎంతమందిని అడిగారో చెప్పరు. వారిని ఎలా ఎంచారో అసలే చెప్పరు. ఒకరికి 42 శాతం, మరొకరికి 39 శాతం అని తేల్చేసి ‘స్పష్టమైన ఆధిక్యం’ అని చాటింపు వేస్తారు. ఎన్నికల సర్వేలు జనం ముందుకు వస్తున్న తీరు ఇది. దీన్ని దాపరికం అనక తప్పదు.

వెయ్యిమందిని యాదృచ్ఛికంగా ఎంచి అడిగారనుకుందాం. అదే రోజు, అదే ప్రశ్న మరో వెయ్యిమందికి వేస్తే మళ్లీ 42 రావాలని లేదు. 40 రావచ్చు, 44 రావచ్చు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ మనసు మార్చుకోలేదు. నమూనాలో పడిన మనుషులు మారారు, అంతే. ఈ ఊగిసలాటను కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. 0.42ను 0.58తో గుణించి, వెయ్యితో భాగించి, వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం వస్తుంది. దాన్ని 1.96తో గుణిస్తే 95 శాతం విశ్వాస స్థాయిలో దోష పరిమితి: అటూ ఇటూ 3.1 పాయింట్లు. అసలు మద్దతు 39 కావచ్చు, 45 కావచ్చు. అన్నీ సక్రమంగా చేసినా 20 సర్వేల్లో ఒకటి ఈ హద్దు కూడా దాటుతుంది.

ఇద్దరి మధ్య తేడా దగ్గర దాపరికం మరీ ప్రమాదకరం. ఒకే నమూనాలో ఒకరి వాటా పెరిగితే సాధారణంగా రెండోవారిది తగ్గుతుంది. అందుకే తేడాకు వర్తించే దోష పరిమితి దాదాపు రెట్టింపై, ఇక్కడ 5.6 పాయింట్లకు చేరుతుంది. 3 పాయింట్ల ‘ఆధిక్యం’ అందులోనే మునిగిపోతుంది. గత సర్వేకంటే 2 పాయింట్లు పెరిగారన్న మాటా నిలవదు. వెయ్యేసిమందితో చేసిన రెండు సర్వేల తేడాకు దోష పరిమితి 4.3. ఇక వెయ్యిలోంచి వందమంది యువతను విడదీసి ‘యువత మొగ్గు’ ప్రకటిస్తే, అక్కడ దోషం అటూ ఇటూ 10 పాయింట్లు. అదీ దాస్తారు.

ఈ లెక్కలు పాఠకులను అయోమయంలో పడేస్తాయని సర్వే నిర్వాహకులు అంటారు. అర్థం కాదన్న సాకుతో దాచడం పాఠకుణ్ని చిన్నచూపు చూడటమే.

‘భారీ నమూనా’ అన్న గొప్పలకూ లోటు లేదు. దోషం సగానికి తగ్గాలంటే నాలుగింతల మందిని అడగాలి. జనాభా కోటైనా పది కోట్లైనా లెక్క దాదాపు ఇంతే. 50 చోట్ల ఇరవయ్యేసిమందిని అడిగితే, ఒకేచోటివారి అభిప్రాయాలు కొంత కలుస్తాయి కాబట్టి, ఆ వెయ్యి జవాబుల విలువ 500కు పడిపోవచ్చు. ఎంపికే వంకరైతే ఏ సంఖ్యా ఆదుకోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్‌దే గెలుపని చెప్పింది. ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ దాదాపు 61 శాతం ఓట్లతో గెలిచారు. దోష పరిమితి సూత్రం ఇలాంటి వంకరను పట్టుకోలేదు కాబట్టే, ఎలా ఎంచారో, ఎందరు జవాబివ్వలేదో చెప్పాలి.

నమూనా సంఖ్య, ఎంపిక విధానం, జవాబివ్వనివారి లెక్క, దోష పరిమితి ఇవన్నీ శాతం పక్కనే అచ్చు కావాలి, ఎక్కడో చివర చీమతలకాయ అక్షరాల్లో కాదు. 42.3 అంటూ దశాంశానికి చోటు దొరికినవారికి ‘అటూ ఇటూ 3’ అని రాయడానికి చోటు దొరకలేదంటే నమ్మేదెవరు?