చలి పొద్దుల్లో గుండె సంగతి ఎవరికీ పట్టదా?

ఎండాకాలం వడదెబ్బ మరణాలు లెక్కపెడతాం. 2015 మేలో వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే, ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. కానీ డిసెంబరు తెల్లవారుజామున గుండెపోటుతో పోయిన మనిషిని చలి ఖాతాలో ఎవరూ రాయరు. "పాపం, రాత్రి కూడా బాగానే మాట్లాడాడు" అనుకుని ఊరుకుంటాం.

స్వీడన్‌లో 1998 నుంచి 2013 దాకా గుండెపోటు వచ్చిన 2.74 లక్షల మంది వివరాలను ఆయా రోజుల వాతావరణంతో పోల్చారు. సున్నా డిగ్రీల లోపు రోజుల్లో కేసులు ఎక్కువ. అది మంచుదేశం, మనకేంటి అనిపిస్తుంది. అక్కడే పొరబడుతున్నాం. 1997లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనం ప్రకారం, 18 డిగ్రీల కన్నా ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ దక్షిణ ఫిన్లాండ్‌లో మరణాలు 0.27 శాతం పెరిగితే, వెచ్చటి ఏథెన్స్‌లో 2.15 శాతం పెరిగాయి. చలిదేశం వాళ్లు ఇల్లు వెచ్చగా ఉంచుకుంటారు, ఒళ్లంతా కప్పుకుంటారు. మన ఇళ్లు గాలి ఆడటానికి కట్టుకున్నవి. ఆదిలాబాద్‌లో 10 డిగ్రీల లోపుకు పడిపోయినా లుంగీ మీద మఫ్లర్ చుట్టుకుని పాలప్యాకెట్‌కి బయల్దేరతాం.

చలి తగలగానే రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. ఎండలోనైతే చెమటకి నీళ్లు పోయి రక్తం చిక్కబడుతుంది, ఒంటిని చల్లబరచడానికి గుండె మరింత కష్టపడాలి.

నాకు ఎక్కువ భయం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. నదీస్నానాలు, అయ్యప్ప దీక్షలో రెండుపూటలా చన్నీళ్ల తలస్నానం. భక్తిని తప్పుపట్టడం లేదు. కానీ అరవై దాటి, స్టెంట్ వేయించుకున్న మనిషి చీకటితోనే గోదావరిలో మునిగితే ఆ క్షణాన బీపీ ఎగబాకుతుంది. మాల వేసుకునేముందు డాక్టర్‌ని అడిగి రమ్మని గురుస్వామి చెప్తే స్వాములు వింటారు. ఇంట్లోవాళ్లు చెప్తే వినరు.

బీపీ మాత్రలదీ అదే కథ. బీపీ చలికి పెరుగుతుంది, ఎండకి తగ్గుతుంది. మనం మాత్రం పాత చీటీ చూపించి ఏడాదంతా అదే షీటు తెచ్చుకుంటాం. నవంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి డాక్టర్‌కి చూపించుకుంటే డోసు మార్చాలో వద్దో తేలుతుంది.

చలి పెరిగిందంటే టీవీలు లంబసింగి మంచు అందాలు చూపిస్తాయి. ఆ తెర కిందే, ఛాతీ పట్టేస్తే గ్యాస్ అనుకుని సోడా తాగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి అని ఒక్క లైను నడపాలి.