బస్సు ఉత్తరానికీ తిరగాలి

చెన్నైలో తీర పట్టణాల వారసత్వ యాత్ర అంటే బస్సు అడయారు దాటి ఈసీఆర్ (తూర్పు తీర రోడ్డు) ఎక్కడమే. మామల్లపురం, సద్రాస్, పుదుచ్చేరి, తరంగంబాడి, నాగపట్నం. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. రోడ్డు బాగుంటుంది, బసలు బాగుంటాయి, దారిలో కాఫీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ యాత్ర మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. వీలున్నవాళ్లు వెళ్లిరావాల్సిందే. కానీ ఈ నగరం ఎలా పుట్టిందో చూడాలంటే మాత్రం ఆ దారిలో దొరకదు. బస్సును ఉత్తరానికి తిప్పాలి.

ఇంగ్లీషువాళ్లు ఈ తీరాన మొదట నిలదొక్కుకున్నది మచిలీపట్నంలో, 1611లో. అక్కడ డచ్చివాళ్ల పోటీ, గోల్కొండ అధికారులతో పేచీలు. దాంతో 1626 ప్రాంతంలో దక్షిణంగా దిగి, ఇప్పటి తిరుపతి జిల్లాలోని దుగరాజపట్నం దగ్గర కొట్లు కట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అదీ అచ్చిరాలేదు. ఇంకా కిందికి వస్తే బట్ట చవగ్గా దొరుకుతుందని ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే కనిపెట్టాడు. 1639 ఆగస్టులో స్థానిక పాలకుడు దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇసుకతిన్నె మీద చోటిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. బందరు, దుగరాజపట్నం, చెన్నపట్నం: వరస అదీ. ఏటా ఆగస్టు 22న మద్రాస్ డే ఘనంగా చేసుకుంటాం, వరసలో మొదటి రెండు ఊళ్ల పేర్లు ఎవరి నోటా వినపడవు. దుగరాజపట్నమైతే విభజన చట్టంలో రాసిన రేవుగా తప్ప మనలో చాలామందికి తెలియదు కూడా.

ఉత్తరపు దారిలో మొదటి మజిలీ పులికాట్. చెన్నై నుంచి 60 కిలోమీటర్లు, పొన్నేరి మీదుగా. తమిళంలో పళవేర్కాడు, మన పెద్దవాళ్ల నోట ప్రళయకావేరి. డచ్చివాళ్లు 1609లో వచ్చి, గెల్డ్రియా కోట కట్టుకుని, 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమండల్ వ్యాపారమంతా ఇక్కడి నుంచే నడిపారు. ఇప్పుడు కోట అంటూ చూడటానికి మిగిలింది ముళ్లపొదలే. సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ రక్షణలో నిలిచి ఉంది. గేటుకు అటొకటి ఇటొకటి రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. వెళ్లినవాళ్లందరూ ముందు వాటి ఫొటో తీసుకుంటారు. లోపల పలకల మీద డచ్చి అక్షరాలు, ఓడ బొమ్మలు, కుటుంబ చిహ్నాలు. చెక్కడం ఎంత నాజూకంటే, వేలు పెట్టి తడమకుండా ఉండలేం.

అక్కడితో ఆగిపోతే మాత్రం సగమే చూసినట్టు. పులికాట్ పేరుతో గళ్ల రుమాళ్లు దేశదేశాలకు వెళ్లాయి. వాటిని నేసినవాళ్లకు పలకలు లేవు. 1620ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఇదే తీరం నుంచి డచ్చి ఓడల్లో బట్టల మూటలతో పాటు మనుషుల్నీ బటావియాకు (ఇప్పటి జకార్తా) తీసుకెళ్లి అమ్మారు. కరవు వచ్చిన ఏడు ఆ బేరం పెరిగేది. తిండిలేక పిల్లల్ని, తమని తాము అమ్ముకున్నవాళ్లు వాళ్లు. అస్థిపంజరాల గేటు ముందు నిలబెట్టి కథ చెప్పే గైడు ఈ సంగతి కూడా చెప్పి తీరాలని మా అభిప్రాయం. అందమైన రాళ్లు చూపించి, రొయ్యల వేపుడు తినిపించి వెనక్కి తీసుకొచ్చేదాన్ని పిక్నిక్ అంటారు.

తర్వాత చూడాల్సినది మోటుపల్లి. చెన్నై నుంచి ఊళ్లకు వెళ్లే మనవాళ్లు పినాకినిలో చీరాల స్టేషన్ ఎన్నిసార్లు దాటి ఉంటారో లెక్కలేదు. ఆ స్టేషన్‌కు ఏమంత దూరం కాని చోట, చినగంజాం పక్కన, కాకతీయ రాజ్యానికి సముద్రపు వాకిలి ఉండేది. వీరభద్రాలయంలో ఒక రాతి స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో చెక్కించిన అభయ శాసనం ఉంది. గాలివానకు ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న ఏనుగులూ గుర్రాలూ రత్నాలూ వెనకటి రాజులు బలవంతంగా లాగేసుకునేవారట. మేం అలా చేయం, నియమం ప్రకారం రావాల్సిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టం అని రాజు మాటిచ్చాడు. కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాలు, వక్కలు: ఏ సరుకుకు ఎంత కట్టాలో కూడా చెక్కించాడు. ధరల పట్టిక గోడకు అంటించమని ఇవాళ షాపులవాళ్లకు చెప్పాల్సి వస్తోంది. ఈయన రాతిలోనే చెక్కించి పెట్టాడు.

ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ రేవుకు వచ్చాడు. ముట్ఫిలి అని రాసుకున్నాడు. ఇక్కడి సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు, రాజ్యమేలుతున్న రాణిని మెచ్చుకున్నాడు. ఇంత చరిత్ర ఉన్న స్తంభం దగ్గరికి వెళ్లిన మామూలు మనిషికి ఏమర్థమవుతుంది? పాత లిపి, రాయి, నీడ. శాసనంలోని మాటల్ని ఇప్పటి తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో ఒక పలక మీద రాయించి పక్కన నిలబెడితే చాలు. దానికి కోట్లు అక్కర్లేదు.

ఇక బందరు. లడ్డూ వల్ల అందరికీ తెలిసిన ఊరే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో ఈ రేవుకు ఎందుకు ఎగబడ్డారో పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనలో తెలుస్తుంది. కలంకారీ అచ్చువేసే షెడ్డులో ఒక గంట కూర్చోవాలి. బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. చెక్క అచ్చును రంగు గుడ్డ మీద అద్ది, బట్ట మీద గురిచూసి పెట్టి, దాని వీపు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. మళ్లీ అద్దడం, మళ్లీ గుద్దడం. పక్క అచ్చుతో గీత కలవకపోతే ఆ గజం బట్టా పోయినట్టే. నలుపు కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. ఎరుపుకు పటిక కావాలి. వెనకటి రోజుల్లో చిరువేరు అనే తీరపు మొక్క వేరు కూడా కావాల్సి వచ్చేది. ఆ ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదనే గదా యూరప్ ఆడవాళ్లు వెర్రెత్తిపోయింది! అన్నట్టు, 1864 నవంబరు ఒకటిన వచ్చిన ఉప్పెన ఈ ఊళ్లో, చుట్టుపక్కల కలిపి దాదాపు 30 వేల మందిని మింగింది. బందరు కోట దగ్గర నిలబడి సముద్రం వైపు చూసేటప్పుడు ఆ లెక్క గుర్తుంటే చూపు వేరేగా ఉంటుంది.

దక్షిణపు యాత్రలో మన కథ లేదా అంటే, ఉంది. చెప్పేవాళ్లు లేరు. తరంగంబాడిలో డేన్లకు 1620లో చోటిచ్చిన తంజావూరు రఘునాథ నాయకుడిని గైడ్లు ‘అప్పటి రాజు’ అనేసి ముందుకు పోతారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన కవి. డెన్మార్క్ రాజుకు ఆయన పంపిన బంగారు రేకు లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో భద్రంగా ఉంది. అదే తరంగంబాడి క్రైస్తవ మిషన్‌కు వచ్చి, తర్వాత మద్రాసుకు మారి, తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మన అక్షరం మొదటిసారి అచ్చులో పడింది అలా. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై తమిళంలో దినచర్య రాసుకున్నాడు. తెలుగు కవిని పోషించి, తన పేరిట ఛందోగ్రంథం రాయించుకున్నాడు. ఈ తీరంలో భాషలు గోడలు కట్టుకుని బతకలేదు. గైడు ఏ భాషలో మాట్లాడినా ఈ రెండు ముక్కలూ చెప్పొచ్చు.

అడ్డంకులు లేవని మేం అనడం లేదు. పులికాట్‌లో 2011 క్రిస్మస్ రోజున పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. అందుకే సరస్సులో షికారు పేరెత్తితే అధికారులకు టెన్షన్. ఆ జాగ్రత్త సబబే. లైఫ్ జాకెట్లు, మనుషుల లెక్క, లైసెన్సు ఉన్న సరంగు ఉంటే తప్ప పడవ కదలకూడదు. అవి కుదిరేదాకా ఒడ్డు మీదే నడిపించండి, నష్టమేమీ లేదు. ఆ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో, మిగతాది తమిళనాడులో. కాబట్టి ఒక రాష్ట్రం బ్రోచర్‌లో ఉన్న ఊరు రెండో రాష్ట్రం బ్రోచర్‌లో కనపడదు. రెండు పర్యాటక శాఖలు ఒకసారి కూర్చుని ఒక మ్యాపు, ఒక టికెట్టు అనుకుంటే ఈ చిక్కు తీరుతుంది. సరిహద్దు దాటే బస్సు పర్మిట్ దగ్గర మొదలుపెట్టి, ఆడవాళ్లు వాడుకోగలిగిన మరుగుదొడ్ల దాకా చేయాల్సినవి చాలానే ఉన్నాయి. మా అనుభవంలో యాత్రలు చెడేది ఈ రెండో విషయం దగ్గరే. వాయుగుండాల నెల నవంబరును వదిలేసి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటే ఎండ బాధ ఉండదు, సరస్సులో రాజహంసలూ కనిపిస్తాయి.

ఒకప్పుడు ఈ ఊళ్లన్నిటికీ నీటిదారి ఉండేది. కాకినాడ వైపు నుంచి చెన్నై మీదుగా కిందికి సాగే బకింగ్‌హాం కాలువలో సరుకు పడవలు తెరచాపలు ఎత్తుకుని వచ్చేవి. 1876-78 కరవులో కూలి కోసం వచ్చినవాళ్ల చేతులతో నగరంలోని ముక్కను తవ్వి కలిపారు. ఇప్పుడా కాలువ మీదుగా ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. పడవ తిరిగి వస్తుందని మేం కలలు కనడం లేదు. బస్సు చాలు.

అందుకు ప్రభుత్వాల కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు కూడా. నగరంలోని తెలుగు సంఘాలు కార్తీకం వస్తే వనభోజనాలకు బస్సులు మాట్లాడుకుంటాయి. ఏటా అదే తోట, అదే పులిహోర, అదే అంత్యాక్షరి. ఈసారి ఒక్క బస్సును పొన్నేరి రోడ్డు పట్టించండి. వానలు తగ్గిన ఆదివారం చూసుకోండి. పొద్దున ఆరింటికి టీ నగర్‌లో ఎక్కితే, ట్రాఫిక్ ఎంతున్నా తొమ్మిదింటికల్లా పులికాట్‌లో ఉంటారు. తాటాకు బుట్టలు అల్లే ఆడవాళ్లు అప్పటికి పని మొదలుపెట్టి ఉంటారు. వాళ్లలో ఒకరి పక్కన పిల్లల్ని కాసేపు కూర్చోబెట్టండి. పులిహోర కూడా పట్టుకెళ్లండి, అక్కడ మధ్యాహ్నానికి చేపల కూర తప్ప వేరే దొరకడం కష్టం.