మా మనుషుల్ని కూడా రొయ్యల్లా చూడండి బాబూ

ఈమధ్య భీమవరం చెరువుల్లో పెరిగే రొయ్యని చూస్తే అసూయగా ఉంటోంది. యూరప్ వెళ్లే రొయ్యయితే పట్టుబడికి ముందే శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపుతారు, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషిద్ధ యాంటీబయాటిక్‌ల ఆనవాలు కనిపిస్తే సరుకు కదలదు. అక్కడితో అయిపోదు. ఓడ దిగాక అక్కడి దొరలు మళ్లీ చూస్తారు, 2016లోనైతే మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో తనిఖీని 10 శాతం నుంచి ఏకంగా 50 శాతానికి పెంచారు. ఒక్క ప్రాణి ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో చూడండి!

అదే చెరువు గట్టు మీద నించుని, రైతు తన జలుబుకి ఫోన్లో మందుల యాప్ తెరిచి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆర్డర్ పెడతాడు. డాక్టరు చీటీ లేదా? ఏం పర్లేదు, డాక్టరుగారే ఫోన్ చేస్తారు. పేరు, వయసు, ‘ఇంతకుముందు వాడారా?’ ‘వాడానండీ.’ అయిపోయింది వైద్యం. శాంపిల్ లేదు, ల్యాబ్ లేదు, పైగా మొదటి ఆర్డర్ కాబట్టి డిస్కౌంటు.

చట్టం లేదనకండి, పాపం తగులుతుంది. మందుల మీద 1940 నాటి చట్టం ఉంది, 1945 నాటి రూల్స్ ఉన్నాయి, 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 మందులు (కొన్ని యాంటీబయాటిక్‌ల లాంటి, చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితా) ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలన్న నియమమూ ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల కోసం 2018 ఆగస్టులో ముసాయిదా కూడా తెచ్చారు. అదే డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమంది. యాప్‌లు ఆగాయా? నోటిఫికేషన్లు కూడా ఆగలేదు. 2023 నవంబరులో అదే కోర్టు, విధానం తేల్చడానికి ఇదే ఆఖరి అవకాశమని కేంద్రానికి ఎనిమిది వారాలిచ్చింది. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా గోదావరికే ఆనకట్ట కట్టేశాడు, మనవాళ్లకి అదే ఐదేళ్లలో ఒక ముసాయిదా మీద సంతకం పడలేదు. అవున్లెండి, గోదావరికి లాబీ లేదు.

మెడికల్ షాపులవాళ్లు మాత్రం ఊరుకోలేదు, ప్రజారోగ్యం పాడైపోతోందని 2018 సెప్టెంబరు 28న దేశమంతా బంద్ చేశారు. చీటీ లేకుండా మందులమ్ముతున్నారట, ఎంత ఘోరం! ఆ మర్నాడు మా వీధి చివర షాపుకెళ్లి ‘జ్వరం తమ్ముడూ, రెండు పూటలకియ్యి’ అంటే, షీటు మీదున్న, ‘చీటీ లేకుండా వాడొద్దు’ అని చెప్పే ఎర్రగీత వెంబడే కత్తిరించి ఇచ్చే ఉంటారు.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం. రూల్స్ సంగతి తర్వాత, ముందు కోనసీమ జనాన్నీ భీమవరం జనాన్నీ ఎగుమతి సరుకు కింద రాసేయండి. ఎవరి ఒంట్లో ఏ యాంటీబయాటిక్ ఎంతుందో యూరప్ వాళ్లే చూసుకుంటారు. ఈ సరుకు పనికిరాదని వెనక్కి పంపితే, రానూపోనూ ఖర్చులకి యాప్ వాళ్లు కూపన్ ఇస్తారు లెండి.