కమ్యూనికేషన్ పాఠం ధవళేశ్వరం దగ్గర మొదలుపెడదాం

డిగ్రీ మొదటి ఏడాదిలో కళలు, సాహిత్యం, కమ్యూనికేషన్ గురించి పరిచయంగా చెప్పే పాఠాలు మన గోదావరి జిల్లాల కాలేజీల్లో చాలావరకు ఒకేలా నడుస్తాయి. "కళ అనగానేమి?" అని ప్రశ్న, దానికి గైడులో ఐదు పాయింట్ల జవాబు, పరీక్ష అవ్వగానే ఆ గైడు పాత పేపర్ల కొట్టుకి. పిల్లల్ని తప్పుపట్టలేం, ఎలా అడిగితే అలాగే రాస్తారు. నా బాధల్లా, ఈ మూడూ కలగలిసి కళ్లెదుట కనిపించే చోట కూర్చుని వాటిని విడివిడి నిర్వచనాలుగా బట్టీ పట్టిస్తున్నామనే.

వరద సంగతే తీసుకోండి. గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) కిందికి వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. గోదావరి మధ్య దీవిలాంటి లంకలో ఉన్న మనిషికి ఆ క్యూసెక్కులతో పనేముంది? కాజ్‌వే ఎప్పుడు మునుగుతుంది, గేదెల్ని ఈ రాత్రికే గట్టు మీదకి తోలుకెళ్లాలా, తెల్లారేదాకా ఆగొచ్చా, అదీ అతని టెన్షన్. అందుకే ముందు "భద్రాచలంలో ఎన్నడుగులుంది?" అని అడుగుతాడు, పైన పెరిగిన నీరు తన ఊరి రేవుకి ఎంతసేపట్లో వస్తుందో అనుభవం మీద అతనికో లెక్క ఉంటుంది కాబట్టి. పంపేవాడు, సందేశం, మాధ్యమం, అందుకునేవాడు అని పుస్తకం చెప్పేవన్నీ ఇందులోనే ఉన్నాయి, మధ్యలో ఎక్కడ తెగిపోతోందో కూడా కనిపిస్తుంది. రెండో హెచ్చరికను ఒక లంక ఊరికి మైకులో చెప్పాలి, నాలుగు వాక్యాల్లో రాయి అని పరీక్షలో అడిగి చూడండి. ఏ గైడులోనూ జవాబు దొరకదు.

సాహిత్యానికొస్తే 1907 రాజమండ్రి చాలు. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చి ఇంగ్లీషులో ఉపన్యాసాలిచ్చారు, కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని జనానికి తెలుగులో వినిపించారు. ఆ సభల్లోంచే భరతఖండాన్ని పాడియావుగా చెప్పే పద్యం ఊరూరా పాకింది. దూడల మూతులు కట్టేసి పాలు పితుక్కుపోతున్న గొల్లలుగా తెల్లవాళ్లను చూపించిన పద్యమది. పన్నులు, దోపిడీ అంటూ గంటసేపు చెప్పాల్సిన విషయం నాలుగు పాదాల్లో ఎలా ఇమిడింది? వింటున్నవాళ్లలో ఎక్కువమందికి పశువుల కొట్టం తెలుసు, మూతి కట్టిన దూడ ఎలా గింజుకుంటుందో చూసినవాళ్లే. ఆ ఏడాదే వందేమాతరం ఉద్యమం ఊపులో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి అక్కడి విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావుని బయటికి పంపేశారు. మాటకి ఎంత బలముందో, దానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో చూపించొచ్చు.

కళ గురించి చెప్పాలంటే కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల కంటే మంచి పాఠం నాకు తెలీదు. తోలుని శుభ్రం చేసి, వెలుగు చొచ్చుకుపోయేంత పల్చగా చేసి, గీతలు గీసి, నగలుండాల్సిన చోట సన్నటి బెజ్జాలు పొడుస్తారు. తెర వెనక దీపం వెలిగిస్తే ఆ బెజ్జాలే రాముడి కిరీటంలో రవ్వల్లా మెరుస్తాయి. రంగు రెండు వైపులా వేయాలి, లేకపోతే దీపం ముందు తేలిపోతుంది. బొమ్మనాడించే మనిషే పాడాలి, మాట్లాడాలి, యుద్ధం వస్తే కాలికింద చెక్కని దబదబ తొక్కాలి. కథ రంగనాథ రామాయణం ద్విపదలోంచి వస్తుంది, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు దూరి ఆ ఊరి సంగతులు ఎత్తుకుంటారు. జనం ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ నిద్రకి తూగుతున్నారో చూసుకుంటూ ఆట సాగదీస్తారు, లేదా కుదించేస్తారు. చిత్రకళ, పద్యం, ప్రేక్షకుడి నాడి పట్టడం, వీటిలో ఏది ఏ సబ్జెక్టు కిందకొస్తుందో విడదీసి చెప్పమనండి చూద్దాం.

బొమ్మ గీయడం గురించి విడిగా చెప్పాలంటే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1925లో చనిపోయేనాటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. అయినా చూడ్డానికి ఇంత మిగిల్చి వెళ్లారు. అక్కడ ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబెడితే చాలు.

ఇవన్నీ ఉద్యోగానికి పనికొస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. మనవైపు కమ్యూనికేషన్ అంటే స్పోకెన్ ఇంగ్లీషు అనే అర్థం స్థిరపడిపోయింది. ఇంగ్లీషు కావాలి, అందులో వాదనే లేదు. కానీ అమలాపురంలో బ్యాంకులోనో ఆసుపత్రిలోనో చేరే పిల్ల రోజూ చేయాల్సింది ఇంగ్లీషు ఫారంలో ఉన్నదాన్ని కొబ్బరి రైతుకి అర్థమయ్యేలా చెప్పడం. ఆనాడు సభలో చిలకమర్తి చేసింది అదే పని. అది బట్టీతో రాదు, చేసి చూస్తేనే వస్తుంది.

ఇందుకు ఎవరూ కొత్త భవనాలు కట్టక్కర్లేదు. మార్కుల్లో కొంత భాగం ఇలాంటి పనులకివ్వాలి, లెక్చరర్‌కి పిల్లల్ని బయటికి తీసుకెళ్లే వీలుండాలి. ఇంకొకటి, ఇది గట్టిగానే అంటున్నాను: కళాకారుల్ని కాలేజీ వార్షికోత్సవానికి పిలిచి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపేసే పద్ధతి ఆపాలి. బొమ్మలాట ఆడే మనిషి క్లాసులో రెండు గంటలు చెబితే గెస్ట్ లెక్చరర్‌కి గంటకెంత ఇస్తారో ఆయనకీ అంతే ఇవ్వాలి. బిల్లు పెట్టడానికి డిగ్రీ సర్టిఫికెట్ అడిగే రూల్ ఉంటే ముందు మార్చాల్సింది ఆ రూల్నే.