దవడ గుమ్మం

వాస్తు పండితులకు మనవి. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఈస్ట్‌హామ్‌లో కెప్టెన్ ఎడ్వర్డ్ పెన్నిమన్ ఇల్లు చూడనిదే మీ శాస్త్రం పూర్తి కాదు. తిమింగలం దవడ ఎముకలు రెండు నిలబెట్టి, పైన కలిపేసి, గేటుకు కమాను చేశారు. మామిడాకుల తోరణం కట్టుకోవడానికి వీలుగానే ఉంటుంది.

పెన్నిమన్‌గారు స్వయంకృషితో పైకొచ్చిన మనిషి. పదకొండో ఏట చేపల ఓడలో వంటవాడిగా చేరి, తిమింగలాల వేట ఓడకు కెప్టెన్ అయ్యారు. దొరికిన తిమింగలం కొవ్వును ఓడ మీదే కాచి నూనె తీసేవారు. ఆ నూనెతోనే అప్పట్లో ఊళ్లలో దీపాలు వెలిగేవి. ఆ సంపాదనతో 1868లో ఈ ఇల్లు లేచింది. కష్టార్జితమే, కాకపోతే కష్టం తిమింగలానిది, ఆర్జితం వీరిది.

ఇల్లు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. అటక మీద తొట్టిలో వాన నీళ్లు పట్టి, పైపుల్లో వంటింటికీ స్నానాలగదికీ వదిలారు. ఈస్ట్‌హామ్‌లో ఇంట్లో కుళాయి తిప్పిన మొదటి కుటుంబం వీళ్లదే. ఇంటి నెత్తిన బుల్లి అద్దాల గది. అందులో నిలబడితే ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు కేప్ కాడ్ అఖాతం. రిటైరయ్యాక కూడా డ్యూటీ మానని మనిషి లెండి. భార్య ఆగస్టాగారు మూడు యాత్రల్లో వెంట వెళ్లి, విశేషాలన్నీ రాసిపెట్టారు. అవతలి పక్షం డైరీ రాయలేదు కాబట్టి చరిత్రకారులకు ఏ టెన్షనూ లేదు.

1963లో మనవరాలు ఇంటిని అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్‌కు అమ్మేశారు. ఇప్పుడు గోడల రంగు దగ్గర్నుంచి గేటు దాకా బాధ్యత ప్రభుత్వానిదే. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఇక్కడ దవడలకూ ఆ గౌరవం దక్కింది.

అదే ప్రభుత్వానికి ఇంకో రూలుంది. ఆ తీరంలో తిరిగే నార్త్ అట్లాంటిక్ రైట్ వేల్ అనే తిమింగలాల జాతిలో ఇప్పుడు మిగిలినవి నాలుగొందలు కూడా లేవు. ప్రాణంతో ఉన్నదానికి 500 గజాల లోపుకి పడవ పోకూడదు, పోతే నేరం. సబబే. ఫోటో కావాల్సినవాళ్లు మాత్రం నిరుత్సాహపడక్కర్లేదు. కెప్టెన్‌గారి గేటు దగ్గరికి వస్తే, పిల్లల్ని ఇద్దర్నీ దవడల మధ్యే నిలబెట్టి తీసుకోవచ్చు.